ఎనిమిదో బోల్టు

దస్తగిరి మేస్త్రికి ఒక వింత అలవాటు ఉండేది. ఆత్మకూరు దాటి నల్లమల ఘాటు ఎక్కబోయే బళ్లు ఆగే చోట ఆయన షెడ్డు. పాత కారు ఏదైనా వస్తే గుంత మీద నిలబెట్టి, కిందికి దిగి, చక్రాలను పట్టి ఉంచే ఎనిమిది సస్పెన్షన్ బోల్టులూ బిగించి, ఒక్కోదాని మీద తెల్లరంగుతో గీత గీసేవాడు. ఎవరైనా అక్కడితో పని అయిందంటారు. ఈయన మాత్రం మళ్లీ గుంతలోకి దిగి, ఒక్కో బోల్టు మీదా చెయ్యి వేసి, "నువ్వెవరు?" అని అడిగేవాడు. అడిగి ఊరుకోడు, జవాబు వస్తుందన్నట్టు కాసేపు ఆగేవాడు.

ఒకప్పుడు ఈ అలవాటు లేదు. అప్పట్లో ఆయన గీతలు పసుపురంగులో ఉండేవి. పదకొండేళ్ల కిందట ఆయన బిగించి పంపిన నల్లకారు ఒకటి మూడో రోజే రెండో మలుపు దగ్గర లోయలో పడింది. అందులో ఉన్న కాంపౌండరు గిడ్డయ్య చనిపోయాడు. ఎందుకు పడిందో ఎవరికీ అంతుపట్టలేదు. మేస్త్రి నలభై రోజులు షెడ్డు తెరవలేదు. తెరిచాక పసుపు డబ్బాను దూలానికి వేలాడదీసి, తెల్లరంగు పట్టాడు.

ఆయన శిష్యుడు సుంకన్న ముప్పై ఏళ్లవాడు, ఐటీఐ చదివినవాడు, నోరు కాస్త ఎక్కువ. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు.

"ఎనిమిది బోల్టులకు ఎనిమిది గీతలు పెడ్తిమి గదా ఉస్తాద్. లెక్క సరిపోయినాక మళ్లా పేరడిగేదేంది? ఇనుము పలుకుతాదా?"

మేస్త్రి చేతులు తుడుచుకుని మళ్లీ గుంతలోకి దిగాడు.

ఆ వారంలోనే మద్దిలేటి అనే బడిపంతులు ఒక పాత నీలం కారు తెచ్చాడు. ఎక్కడో పాత సామాను దుకాణంలో దొరికిందట. మర్నాడు పొద్దున్నే భార్యాబిడ్డలను ఎక్కించుకుని ఘాటు దాటాలి. మేస్త్రి అప్పుడే భోజనానికి వెళ్లాడు.

"నడిపేటప్పుడే కాదన్నా, నిలబెట్టినా టక్కుమని కొడ్తాది," అన్నాడు పంతులు గొంతు తగ్గించి. "ఇంట్లో ఆమె ఎక్కనంటాంది. కింద ఎవురో ఉండారంట."

సుంకన్న పకపకా నవ్వాడు. గుంతలోకి దిగి ఎడమవైపు, కుడివైపు, బోల్టు తలలు పట్టుకుని, నట్లు పట్టుకుని పానాతో గట్టిగా లాగాడు. ఎనిమిది లెక్కపెట్టి ఎనిమిది గీతలు గీశాడు. పైకొచ్చి చేతులు కడుక్కుంటుండగా వినిపించింది. టక్.

కారులో ఎవరూ లేరు. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. కాసేపటికి మళ్లీ, వేలి కణుపుతో తలుపు తట్టినట్టు, టక్. మిట్టమధ్యాహ్నం ఎండలో సుంకన్న చేతులు కడగడం మాని కారు వైపు తిరిగాడు.

అప్పటికే తిరిగొచ్చిన మేస్త్రి వాకిట్లోనే ఆగిపోయాడు.  కిరసనాయిల్లో ముంచిన గుడ్డా లైటూ తీసుకుని, "రా," అన్నాడు.

గుంతలో మేస్త్రి మొదటి బోల్టు దగ్గర, తెల్లగీత చెరగకుండా పక్కన గ్రీజు తుడిచాడు. కింద పసుపు గీత ఉంది. రెండోదాని దగ్గరా ఉంది, మూడోదాని దగ్గరా ఉంది. సుంకన్న లైటు పైకెత్తాడు. నీలం పెచ్చులు ఊడిన చోటల్లా నలుపు. లోయలో పడిన కారు ఇదే.

నాలుగోదాని తల మీద మేస్త్రి ఒక చెయ్యి పెట్టాడు. రెండో చెయ్యి ఇనుప కమ్మీ వెనక్కి పోనిచ్చి అక్కడి నట్టు పట్టుకున్నాడు.

"ఇది ఎన్నోది?"

"తల నాలుగు. ఆ నట్టు ఐదు..." సుంకన్న ఆగిపోయాడు. అది ఒకటే పొడుగు బోల్టు. ఇటునుంచి తల చూసి ఒకటన్నాడు, అటునుంచి నట్టు చూసి ఇంకొకటన్నాడు. రెండు కొసల్లోనూ తన తెల్లగీతలు ఉన్నాయి. వాటి పక్కనే పసుపు గీతలూ ఉన్నాయి.

వెనకాల, చక్రం దగ్గర, రాయిలా గట్టిపడిన మట్టిపెళ్ల ఒకటి ఉంది. దాని మీద ఏ గీతా లేదు. మేస్త్రి అటు చెయ్యి చాచాడు. పెదవులు కదిలాయి గానీ "నువ్వెవరు?" అన్న మాట ఇంకా బయటికి రాలేదు.

టక్.

మట్టి రాలి ఆయన నుదుటి మీద పడింది. స్క్రూడ్రైవరుతో పెళ్ల ఊడగొడితే లోపల ఏ గీతా పడని ఎనిమిదో బోల్టు ఉంది. వేళ్లతో తిప్పితేనే తిరిగింది. మేస్త్రి ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే దాన్ని బిగించాడు, గీత కూడా తనే గీశాడు. తర్వాత ఇద్దరూ చాలాసేపు చెవులు రిక్కించి కూర్చున్నారు. ఇక ఏ చప్పుడూ రాలేదు.

మర్నాడు మద్దిలేటి భార్యాబిడ్డలతో క్షేమంగా ఘాటు దాటాడు. కారు రెండో మలుపు తిరిగి ఉంటుందన్న వేళదాకా మేస్త్రి రోడ్డు మీదే నిలబడ్డాడు. సుంకన్న పక్కకు వెళ్లి నెమ్మదిగా అడిగాడు.

"ఉస్తాద్, ఆ పొద్దు నల్లకారు కాడ మీకు లెక్క తప్పిందా?"

"లేదు సుంకన్నా," అన్నాడు మేస్త్రి. "సరిగ్గా ఎనిమిదే వచ్చింది."