రాజుగారి నిద్ర, దీక్షితులవారి లోకం

తుంగవరం ఏలే మల్లభూపతికి ఒక శుక్రవారం పొద్దున నిద్ర మానేయాలని బుద్ధి పుట్టింది.

పుట్టించినవాడు ఆస్థాన పండితుడు చిదంబర దీక్షితులు. ఆయన పాండిత్యం మాటేమోగానీ, పట్టుశాలువా మాత్రం ఎండాకాలంలోనూ భుజం దిగేది కాదు. ఆ రోజు నిండు కొలువులో లేచి గొంతు సవరించుకున్నాడు.

"ప్రభూ! రాయీ రప్పా, కొండా కోనా అన్నిటికీ ఆధారం చైతన్యమే. చూసే ఎరుక ఉంటేనే లోకం ఉంటుంది. ఇక్కడ తమ చైతన్యాన్ని మించింది ఏముంది? తమరు చూస్తున్నారు కాబట్టే ఈ తుంగవరం ఉంది!"

ముఖస్తుతిలో కాస్త వేదాంతం కలిపి పోస్తే ఏ సభకు రుచించదు? అందరూ ఆహా అన్నారు.

రాజు మాత్రం అమాయకుడు. "మరి నేను నిద్రపోతే?" అని అడిగాడు.

దీక్షితులు ఈ ప్రశ్న ఊహించలేదు. తెలియదని ఒప్పుకోవడం ఆయనకు చేతకాదు.

"ప్రమాదమే ప్రభూ" అన్నాడు గంభీరంగా.

అంతే, రాజు కన్ను మూయలేదు. రెండోరోజు గుర్రాన్ని మంత్రి అనుకుని పంటల సంగతి అడిగాడు. మూడోరోజు పూలు తనను చూసి నవ్వాయని తోటమాలికి ఉరిశిక్ష వేశాడు. మంగళవారం ఉరి. వైద్యుడు కషాయం ఇస్తే పారబోశాడు. రాణి కాళ్లావేళ్లా పడితే, "నా జనమంతా మాయమైపోతారే! ఎలా పడుకోను?" అని ఏడ్చాడు.

ఒక్క మాటతో ఇదంతా ఆపగలిగిన దీక్షితులు నోరు మెదపలేదు. ఇంటికెళ్లి రెండు పూటలా తిని, మధ్యాహ్నం కూడా హాయిగా గుర్రుపెట్టి పడుకున్నాడు.

రాజుకు తాంబూలం చుట్టి ఇచ్చే గురవప్పకు ఒళ్లు మండింది. సోమవారం కొలువులో ముందుకొచ్చి దండం పెట్టాడు.

"ఏలినవారికి చిన్న మనవి. దీక్షితులవారి చైతన్యం మరీ చిన్నదాండీ?"

దీక్షితులు గయ్యిమన్నాడు. "ఏమిట్రా ఆ కూత! నా చైతన్యం ముల్లోకాలనూ పట్టగలదు!"

"అయితే ఇంకేం ప్రభూ! తమరు ఓ కునుకు తీయండి. అందాకా లోకాన్ని ఈ స్వామివారు పట్టుకుంటారు."

రాజు ముఖం వికసించింది. "రెప్ప వేయకండి దీక్షితులవారూ! నా జనం మీ చేతిలో ఉన్నారు" అని సింహాసనం మీదే ఒరిగాడు. మరుక్షణం గురక. రాణి కళ్లు తుడుచుకుని, వింజామర పట్టే ఓబులమ్మకు విసరమని సైగ చేసింది.

గురవప్ప దీక్షితుల పక్కనే నిలబడ్డాడు. ఆయన ఆవులిస్తే చాలు, "స్వామీ, అదిగో, కోట బురుజు కదిలింది!" అనేవాడు. భోజనం అడిగితే, "పులిహోర తింటే కునుకొస్తుందండీ. లోకం సంగతి చూడండి" అనేవాడు.

ముల్లోకాలు పట్టగల చైతన్యం మిట్టమధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. దీక్షితులు నోరు తెరిచి నిద్రపోయాడు.

సాయంత్రం రాజు లేచాడు. పక్కనే దీక్షితుల గురక విని హడలిపోయాడు. స్తంభం తడిమి చూశాడు. గబగబా కిటికీ దగ్గరికి వెళ్లాడు. వీధిలో బిందెలతో ఆడవాళ్లు, అరుగుల మీద ముసలివాళ్లు, కుక్కలు.

"అందరూ ఉన్నారు!" రాజు కళ్లు చెమర్చాయి. "గురవప్పా, మేమిద్దరం పడుకున్నాం. మరి లోకాన్ని పట్టుకున్నదెవరు?"

"దీక్షితులవారినే అడుగుదాం ప్రభూ" అని గురవప్ప ఆయన్ను కుదిపి లేపాడు.

దీక్షితులు కళ్లు నులుముకుని చుట్టూ చూశాడు. సిగ్గుపడలేదు. "ఎవరి ఎరుకో మేలుకునే ఉంటుంది ప్రభూ! అదిగో, ఆ ఓబులమ్మ చైతన్యమే లోకాన్ని నిలిపింది!"

గురవప్ప రాజుకు వంగి దండం పెట్టాడు.

"విన్నారుగా ప్రభూ! ఓబులమ్మ ఒక చేత్తో లోకాన్ని మోస్తూ, రెండో చేత్తో తమకు విసిరింది. పండితపీఠం ఆమెకిచ్చి, వింజామర దీక్షితులవారికి ఇప్పించండి."

ఓబులమ్మ నవ్వకుండా వింజామర చాచింది.

"వద్దు వద్దు!" దీక్షితులు పీఠం గట్టిగా పట్టుకున్నాడు. "లోకానికి ఎవరి కాపలా అక్కర్లేదు ప్రభూ! దానంతటదే ఉంటుంది!"

సభ గొల్లుమంది. రాజు పొట్ట పట్టుకుని నవ్వుతూనే తోటమాలిని విడిపించమన్నాడు. ఓబులమ్మకు బంగారు కడియం ఇచ్చి, తన మెడలోని ముత్యాలహారం తీసి గురవప్ప మెడలో వేశాడు.