నిద్ర ఇచ్చిన తీర్పు

రాళ్లు పరిచిన రంగాపురి నగరంలో ఎండాకాలం సాలెవీధి ఒక్కటే చల్లగా ఉండేది. ఇంటింటివాళ్లూ బియ్యం కడిగిన నీళ్లు పోసి పెంచుకున్న కానుగ చెట్లు వీధి పొడవునా ఉండేవి. వాటి కింద మజ్జిగ అమ్ముకునే నాంచారమ్మకు, గాలి వీస్తే వీధంతా ఊయల ఊగుతున్నట్టుండేది.

కొత్వాలు భైరవరాజుకు మాత్రం కొమ్మలు తన ఏనుగు అంబారీకి తగులుతున్నాయని కోపం. చెట్టు కొట్టించేవాడే మొదటి వేటు వేయాలని ఆ ఊరి ఆచారం. అందుకని మిట్టమధ్యాహ్నం గొడ్డలి పట్టుకుని తానే వచ్చాడు.

"ఎండన పడి వచ్చారు, దొరా. ముందు గొంతు తడుపుకోండి," అంటూ నాంచారమ్మ చెట్టు కింద చాప వేసి మజ్జిగ ఇచ్చింది.

తాగాడు. కానుగ పూలు మీద రాలుతుంటే, ఎక్కడో మగ్గం జోల పాడుతుంటే, అలాగే ఒరిగిపోయాడు. లేచేసరికి పొద్దు వాలింది. చాప ఒకచోట, తానొకచోట.

"నన్నెవరు ఈడ్చారు?" అని గుడ్లురిమాడు.

"ఎవరూ ముట్టుకోలేదు, దొరా. నీడ జరిగినప్పుడల్లా తమరే నిద్రలో దొర్లుకుంటూ దాని వెంట వెళ్లారు," అంది నాంచారమ్మ. "మెలకువలో ఉన్న దొరవారు చెట్టు వద్దన్నారు. నిద్రలో ఉన్న దొరవారు వదలనన్నారు. మేం ఎవరి మాట వినాలి?"

కొత్వాలు గొడ్డలి అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

ఆ వానాకాలం కొత్వాలు ఉండే వీధిలోనూ గుంతలు తవ్వి కానుగ మొక్కలు నాటారు. సాలెవీధి వాళ్లంతా కుండలతో వెళ్లి నీళ్లు పోశారు. మోకాలెత్తు కూడా లేని మొక్క పక్కన భైరవరాజు అప్పుడే చాప పరుచుకుని కూర్చున్నాడు.