నూలుపేట వీధి కూర్చున్న వేళ

అనగనగా అంటే ఎంత వెనక్కి అని అడక్కండి. ఈ కథ మా మామ్మకి వాళ్ళ మామ్మ చెప్పింది. ఆవిడకి ఎవరు చెప్పారో ఆవిడకే గుర్తులేదు. అంత వెనక్కి. ఊ కొడుతూ వినండి. ఊ కొట్టనివాళ్ళకి ముగింపు చెప్పను.

నూలుపేట అని ఒక పేట ఉండేది. పేటంతా కలిపి ఒకటే వీధి. ఈ కొసన నిలబడి పిలిస్తే ఆ కొసకి వినపడదు, అంత పొడుగు. ఇటూ అటూ నేతగాళ్ళ ఇళ్ళు. ఏడాది పొడుగునా మగ్గాల చప్పుడే. ఒక్క రోజు మాత్రం మగ్గాలన్నీ ఆగేవి. ఎండలు ముదిరాక, నడివీధమ్మ జాతర రోజున.

జాతరంటే మామూలు జాతరా? చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఆ ఒక్క వీధిలోకి వచ్చి పడేవి. జీళ్ళవాళ్ళు, గాజులవాళ్ళు, మట్టిబొమ్మలవాళ్ళు, పులివేషాలు, తప్పెటగుళ్ళు, వీధి చివర చేత్తో తిప్పే రంగులరాట్నం. ఇసక వేస్తే రాలదంటారే, అక్కడ ఇసక వెయ్యడానికి చెయ్యి ఎత్తే చోటు కూడా ఉండేది కాదు.

మధ్యాహ్నం తిరిగాక గుడిలోంచి ఘటం బయలుదేరేది. పసుపు పూసిన కుండ, దాని మీద దీపం. అమ్మవారు అందులో ఉంటుందని నమ్మకం. తవిటమ్మ అనే ఆవిడ దాన్ని నెత్తిన పెట్టుకుని వీధంతా తిరిగేది. ఘటం తిరిగి గుడికి చేరేదాకా ఆ వీధిలో ఎవ్వరూ కూర్చోకూడదు. అమ్మ తిరుగుతుంటే మనం కూర్చుంటామా? ముసలీ ముతకా కూడా గోడ పట్టుకుని నిలబడాల్సిందే. అది కట్టుబాటు.

ఆ జాతరకి ఎర్నమ్మ వచ్చేది. పక్క ఊరిది. తాటాకు విసనకర్రలు అల్లి అమ్ముకునేది. మొగుడు ముందే పోయాడు. ఉన్నది ఒక్కతే కూతురు, చిన్నాలు. అప్పుడప్పుడే మాటలు కూడబలుక్కుంటున్న పిల్ల. ఆ ఏడు ఘటం ఇంకా తిరుగుతుండగానే విసనకర్రలన్నీ అమ్ముడుపోయాయి. ఎర్నమ్మకి సంతోషం పట్టలేక గాజులు వేయించుకుందామని గాజుల దుకాణం దగ్గర ఆగింది. గాజులు వేయించుకోవాలంటే కూర్చోవాలి కదా. చెయ్యి ఇవ్వాలి కదా. కూర్చుంది. పిల్ల చెయ్యి వదిలి గాజులవాడికి చెయ్యి ఇచ్చింది.

గాజులు చేతికెక్కాయి. తల తిప్పితే చిన్నాలు లేదు.

వీధి ఈ కొస నుంచి ఆ కొసకి పరిగెత్తింది. ఆ కొస నుంచి ఈ కొసకి పరిగెత్తింది. తప్పెటగుళ్ళ మోతలో ఆమె అరుపు ఆమెకే వినపడలేదు. జాతర అయిపోయింది, బళ్ళు వెళ్ళిపోయాయి, వీధి ఊడ్చేశారు. పిల్ల దొరకలేదు.

పేటవాళ్ళు ఏమన్నారో తెలుసా? "ఘటం తిరుగుతుంటే కూకుంది. అందుకే అమ్మకి కోపమొచ్చి పిల్లని తీసీసుకుంది" అన్నారు. జాలిపడే నోళ్ళే ఆ మాటా అన్నాయి. నాలిక్కి నరం లేదు కదా.

ఆ రోజు నుంచీ ఎర్నమ్మ కూర్చోవడం మానేసింది. నిలబడే తాటాకు చీల్చేది. నిలబడే గంజి తాగేది. నిద్ర కూడా గోడకి ఆనుకుని నిలబడే పోయేదట. "గుర్రమా ఏమిటి?" అని నేను మా మామ్మని అడిగాను. నోర్ముయ్యమంది. ఎండలో, వానలో, ఊరూరా, సంతసంతకీ తిరిగేది. "కాలుగాలిన పిల్లి వచ్చిందిరా" అనేవారు పిల్లలు. "కాసేపు కూకో అప్పా" అని అక్కని పిలిచినట్టు పిలిచేవారు పెద్దలు. ఎర్నమ్మ కూర్చుందా? కూర్చోలేదు.

మరుసటి ఏడు జాతరకి అందరికంటే ముందు వచ్చింది. రంగులరాట్నం తిప్పే గంగులు దగ్గరికి వెళ్ళింది.

"గంగులూ, నీ రాట్నం పైకెక్కితే ఏటి అగుపడతాది?"

"తలకాయలు అప్పా. తలకాయలే."

"సిన్న గుంటల తలకాయలో?" అని పిల్లల సంగతి అడిగింది.

గంగులు తల అడ్డంగా ఊపాడు. "పెద్దోల తలకాయల కింద సిన్నోలు మునిగిపోతారప్పా. అగుపడరు. జనమంతా ఒక్క పాలి కూకుంటే అగుపడతారేమో."

ఆ మాట ఎర్నమ్మ మనసులో ముల్లులా దిగింది. ఏడాదంతా అదే ఆలోచన. ఆ పై ఏడు తప్పెటగుళ్ళ వాళ్ళ గురువు దగ్గరికి వెళ్ళింది.

"బాబూ, ఒక్క పాలి మోత ఆపి అందర్నీ కూకోమని సెప్పవా? ఎవరి గుంట ఎక్కడున్నాదో అగుపడిపోతాది."

"మోత ఆపితే జాతరేటి అప్పా!" అని నవ్వి, గుండెల మీద రేకులు మోగించుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ పై ఏడు పేటపెద్ద అప్పలసూరి దగ్గరికి వెళ్ళింది. పెద్ద తలపాగా, దానికి తగ్గ గొంతు. ఆయన మొత్తం వినను కూడా వినలేదు.

"ఘటం వీధిలో ఉండగా కూకోమంతావా? నీకు పట్టిన పాపం పేటందరికీ పట్టాలా? ఎల్లు, ఎల్లు!"

గంగులు చెప్పాడు, గురువు నవ్వాడు, పెద్ద తరిమాడు. ఎర్నమ్మ కూర్చుందా? కూర్చోలేదు. వీధి ఈ కొస నుంచి ఆ కొసకి, ఆ కొస నుంచి ఈ కొసకి, చంకలో విసనకర్రలతో తిరుగుతూనే ఉంది.

ఊ కొడుతున్నారా? సరే.

ఆ పై ఏడు జాతర ఇంకా పెద్దదైంది. కొండల అవతలి నుంచి, వేరే భాష మాట్లాడేవాళ్ళు కూడా బళ్ళు కట్టుకుని వచ్చారు. సాయంత్రం, దీపాలు ముట్టించే వేళ. వీధి మధ్యలో ఒక ఆడమనిషి గుండెలు బాదుకుంటూ ఏడుస్తోంది. ఆమె భాష ఎవరికీ అర్థం కాలేదు. తన నడుము దగ్గర చెయ్యి పెట్టి, ఇంత ఎత్తు అని చూపిస్తోంది. "ఏటంతందీ?" "ఏటో పారీసుకున్నట్టుంది" అంటూ జనం తప్పుకుపోతున్నారు.

ఎర్నమ్మకి మాత్రం అర్థమైంది. ఆ ఏడుపుకి అర్థం ఎవరైనా చెప్పాలా? ఆమె చెయ్యి పట్టుకుంది. జనాన్ని తోసుకుంటూ తీసుకుపోయి ఘటానికి ఎదురుగా నిలబడింది. రెండు చేతులూ చాపింది. ఘటం ఆగింది. ఘటం ఆగితే మోతా ఆగింది. వీధిలో ఒక్కసారిగా ఎవరి ఊపిరి వాళ్ళకి వినపడింది.

"కూకోండి!" అని అరిచింది ఎర్నమ్మ. "ఈయమ్మ గుంట తప్పిపోయింది. అందరూ కూకోండి!"

ఎవ్వరూ కదల్లేదు. అప్పలసూరి ముందుకొచ్చాడు. ముఖం కందగడ్డలా ఉంది.

"ఒలే ఎర్నమ్మా! ఘటం తిరుగుతుండగా నువ్వు కూకున్నావు. నీ గుంట పోయింది. మల్లీ ఊరందర్నీ కూకోమంతావా?"

ఎర్నమ్మ ఏడవలేదు. అన్నాళ్ళూ ఊరూరా తిరుగుతూ మనసులో నమిలిన మాట అప్పుడు బయటికొచ్చింది.

"అవును బాబూ, కూకున్నాను. నానొక్కర్తినే కూకున్నాను. మీరందరూ నిలబడ్డారు. మీ కాళ్ళ మజ్జిన నా గుంట నాకు అగుపడనేదు. దానికి నాను అగుపడనేదు. ఆయాల మీరూ కూకునుంటే నా సిన్నాలు నాకు దొరికీది. నా తప్పు కూకోడం కాదు బాబూ. ఒక్కర్తినీ కూకోడం."



అప్పుడు జరిగింది చూడండి. ఘటం ఎత్తుకున్న తవిటమ్మ మెల్లగా మోకాళ్ళు వంచింది. నెత్తిన కుండ అలాగే ఉంది, కుండ మీద దీపం అలాగే ఉంది. నడివీధిలో, దుమ్ములో, మఠం వేసుకుని కూర్చుంది. అమ్మవారే కూర్చుందని కొందరంటారు. మధ్యాహ్నం నుంచీ మోస్తున్న తవిటమ్మకి మోకాళ్ళు పట్టేశాయని ఇంకొందరంటారు. నన్నడిగితే, తవిటమ్మకీ పిల్లలున్నారు.

అమ్మ కూర్చున్నాక ఇంకెవరు నిలబడతారు? తప్పెటగుళ్ళవాళ్ళు కూర్చున్నారు. జీళ్ళవాళ్ళు కూర్చున్నారు. పులివేషాలు కూర్చున్నాయి. గాలికి వరిచేను వాలినట్టు వీధి ఆ కొసదాకా వాలిపోయింది. అప్పలసూరి ఒక్కడే మిగిలాడు. ఆయన పెళ్ళాం పంచె కొస పట్టుకుని లాగింది. "కూకోండి, ఊరంతా మిమ్మల్నే సూత్తంది." ఆయనా కూర్చున్నాడు.

ఇక నిలబడి ఉన్నది ముగ్గురే. ఘటం ముందు ఇద్దరు తల్లులు. దూరంగా జీళ్ళ దుకాణం పక్కన, చేతిలో జీడి ముక్కతో, బిత్తరపోయి చూస్తున్న ఒక చిన్న పిల్ల.

కొండవతలి తల్లి పరిగెత్తింది. కూర్చున్నవాళ్ళని దాటుకుంటూ, బుజాలు పట్టుకుంటూ పరిగెత్తి పిల్లని ఎత్తుకుంది. వీధంతా ఒక్క గొంతుతో అరిచింది.

ఎర్నమ్మ ఆ వైపు చూడలేదు. ఆమె ఇటు కొసకి చూసింది. అటు కొసకి చూసింది. అరుగుల మీదా, బళ్ళ కిందా, గోడల వారా చూసింది. నిలబడ్డ పిల్లలు ఇంకెవరూ లేరు. పోయి అన్నేళ్ళయింది కదా, ఉండదని ఆమెకీ తెలుసు. తెలిసినా చూసింది. 

ఆ ఏడు నుంచీ నూలుపేటలో కొత్త కట్టుబాటు వచ్చింది. దీపాలు ముట్టించే వేళ ఘటం నడివీధిలో ఆగుతుంది. మోత ఆగుతుంది. వీధంతా కూర్చుంటుంది. ఎర్నమ్మ కూర్చుందా? కూర్చోలేదు. అందరి మధ్యా విసనకర్ర పైకెత్తి ఒక్కతే నిలబడేది.

"ఎవుర్ని ఎతుకుతున్నావప్పా?" అని అడిగాడు గంగులు.

"ఎతకడం నేదురా. అదిప్పుడు పెద్దదైపోయుంటాది, సూసినా నాకు గుర్తు తెలవదు. నాను దానికి అగుపడాల."

ఏళ్ళు గడిచాయి. అప్పలసూరి పోయాడు. తవిటమ్మ పోయింది, ఆమె కోడలు ఘటం ఎత్తింది. ఎర్నమ్మ జుట్టు తెల్లబడింది. చివరికి ఒక ఏడు ఆమె కాళ్ళు మొరాయించాయి. నలుగురు మోసుకొచ్చి నడివీధిలో ఒక అరుగుకి చేరగిలబెట్టారు. దీపాల వేళయింది. వీధి కూర్చుంది. ఎర్నమ్మ లేవబోయింది. లేవలేకపోయింది. విసనకర్ర ఎత్తబోయింది. చెయ్యి లేవలేదు.

"నాను కూడా కూకుంటే నా గుంటకి ఎవరు అగుపడతారు?" అని పసిపిల్లలా ఏడ్చింది.

అప్పుడు గంగులు, వాడూ ముసలివాడే, ఆమె విసనకర్ర తీసుకుని ఒక వెదురు గడకి కట్టాడు. గడని అరుగు పక్కన పాతాడు. విసనకర్ర అందరి తలలకీ పైన నిలబడింది. ఎర్నమ్మ కళ్ళు తుడుచుకుంది.

అదిగో, అప్పుడే ఎవరో "ఎవరమ్మా నిలబడ్డది?" అన్నారు.

కూర్చున్న జనం మధ్య ఒక ఆడమనిషి నిలబడి ఉంది. నడివయసు మనిషి. ఎక్కడెక్కడి నుంచో నడిచొచ్చినట్టు కాళ్ళనిండా దుమ్ము. అందరూ తననే చూస్తుంటే బెదిరిపోయింది.

"కొత్తదాన్ని. మీ జాతర సూద్దారని వొచ్చినాను. ఏటి సెయ్యాలో తెలవదు" అంది.

"ఎవరి పిల్లవమ్మా?" అని అడిగింది ఎర్నమ్మ. 

"ఏమో. నాకు తల్లి నేదు. ఎవరో పెంచినారు."

వీధంతా గుసగుసలు. పుట్టుమచ్చ చూడమని ఒకరు, ఏ ఊరో అడగమని ఒకరు, పెంచినవాళ్ళ పేర్లు చెప్పించమని ఒకరు. ఎర్నమ్మ చెయ్యి అడ్డంగా ఊపింది.

"ఏటీ అడక్కండి. తెలిసి సేసీదేటి?" అంది. ఆ మనిషి చెయ్యి పట్టుకుని తన పక్కకి లాగింది. "దొరికీసినావమ్మా. కూకో."

ఆ మనిషి కూర్చుంది. ఎర్నమ్మ ఆమె ఒళ్ళో తల పెట్టుకుంది. ఒకప్పుడు గాజులవాడి కోసం వదిలిన చెయ్యి, ఈసారి వదల్లేదు. ఆ మనిషి పైట కొంగుతో మెల్లగా విసిరింది. ఘటం కదిలే వేళకి ఎర్నమ్మ ప్రాణం కూడా నెమ్మదిగా కదిలిపోయింది.

ఆమె చిన్నాలేనా? నూలుపేటలో ఇప్పటికీ ఆ మాట మీద పోట్లాడుకుంటారు. అవునన్నవాళ్ళూ కాదన్నవాళ్ళూ ఒక్క సంగతి మాత్రం ఒప్పుకుంటారు. ఎర్నమ్మ ఆ రోజు కూర్చుంది.

ఇప్పటికీ జాతర రోజున నడివీధిలో వెదురు గడకి తాటాకు విసనకర్ర కడతారు. "తప్పిపోతే ఇసనకర్ర కాడికి రా" అని పిల్లలకి ముందే చెప్పుకుంటారు. దీపాల వేళ వీధంతా కూర్చుంటుంది. కట్టుబాటు తెలియని కొత్తవాళ్ళు ఒకళ్ళిద్దరు ప్రతి ఏడూ నిలబడిపోతారు. ఎవరూ నవ్వరు. పక్కనున్నవాళ్ళు చెయ్యి పట్టుకుని లాగి, "దొరికీసినావు, కూకో" అంటారు.

మొదటిసారి వెళ్ళినప్పుడు నేనూ అలాగే నిలబడిపోయాను. ముక్కూ మొహం తెలియని ఒక ముసలామె నన్ను లాగి కూర్చోబెట్టింది. నాకు తల్లి ఉంది, ఇంట్లో నా కోసం అన్నం వండి పెట్టుకుని చూస్తోంది. అయినా ఎందుకో ఏడుపొచ్చింది.

కథలన్నీ కంచికి పోతాయంటారు. ఇది మాత్రం ఎక్కడికీ పోలేదు. నూలుపేట నడివీధిలోనే కూర్చుంది.