పేడనీళ్ళ కుండ

నల్లగుట్ట కోటలో కొలువు మానేసి వెళ్ళే బంటుకి ఒక మర్యాద జరిగేది. సేనంతా చూస్తుండగా నెత్తిన పేడనీళ్ళు కుమ్మరించి, దొడ్డిదారిన తరిమేవారు. ఆ ఏర్పాటు సేనని నడిపే దళవాయి కొండ్రాజుది.

ఎన్నో యుద్ధాల్లో ముందు నిలిచిన గాలెప్ప, ఇక తమలపాకు తోట వేసుకుంటానని ఒకనాడు కత్తి అప్పగించాడు.

"పిరికిపందా!" అని దళవాయి సైగ చేశాడు. రంగప్ప అనే బంటు కుండ ఎత్తాడు.

"పోయించండి దొరా, తుడుచుకుని పోతాను. నా బెంగంతా మీ గురించే," అన్నాడు గాలెప్ప. "వెళ్ళాలని ఉండీ ఈ కుండకి జడిసి ఆగిపోయినవాళ్ళు మీ వెనక ఎంతమందో! పేడనీళ్ళకే జడిసేవాళ్ళు రేపు ఈటెలకి ఎదురు నిలుస్తారా?"

దళవాయికి రోషం పొడుచుకొచ్చింది. "నా సేనలో అలాంటివాడు ఒక్కడూ లేడు! కావాలంటే చూడు. ఒరే, కుండ దించు! పెద్ద తలుపులు తీయండి! పోదలచినవాడు దర్జాగా పోవచ్చు!"

తలుపులు తెరుచుకున్నాయి. అందరికంటే ముందు బయటికి నడిచినవాడు రంగప్ప. అతని వెనకే ఇంకో పదిమంది కదిలారు.

గాలెప్ప కుండని భుజానికెత్తుకున్నాడు. "ఇక మీకు దీనితో పనిలేదుగా దొరా, నా తోటకి ఎరువవుతుంది," అని పెద్ద తలుపుల్లోంచే వెళ్ళిపోయాడు.