కుందేళ్లింట దున్నపిల్ల

వేరుశనగ చేను గట్టు కింద బొరియలో బుడ్డయ్య, కోటమ్మ అనే కుందేళ్లు ముగ్గురు పిల్లలతో కాపురముంటున్నారు. ఒకరోజు పిల్లలు పేచీకి దిగారు.

"ఉడుత వాళ్లు నత్తను పెంచుకుంటున్నారు. మనమూ ఏదో ఒకటి పెంచుదాం నాన్నా!"

ఆ మాట గుంటనక్క గవరయ్య చెవిన పడింది. మర్నాడే, మందలోంచి తప్పిపోయిన అడవిదున్న దూడను తోలుకొచ్చాడు.

"బుడ్డయ్య బావా, పెంచితే ఇలాంటిదాన్ని పెంచాలి! వాకిట్లో నిలబడితే ఎంత దర్జా! నువ్వు కాబట్టి ఊరికే ఇస్తున్నా."

"ఊరికేనా?" బుడ్డయ్య చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"మరి మేత ఎవరు మోస్తారు?" అంది కోటమ్మ.

"అడవి నిండా గడ్డేనే!" అంటూ బుడ్డయ్య దూడను గుమ్మం ముందు నిలబెట్టేశాడు.

కుందేళ్లు మోసుకొచ్చే గడ్డి దానికి పంటి కిందికి కూడా చాలలేదు. నోరు తెరిస్తే ఒకటే మాట: "ఇంకొంచెం!" తెల్లారింది మొదలు పొద్దు వాలేదాకా మొగుడూ పెళ్లాలకు అదే పని. ఇంట్లో పిల్లలు ఒంటరి.

నాలుగో రోజు మధ్యాహ్నం కాల్లో ముల్లు దిగి కోటమ్మ తొందరగా ఇంటికొచ్చింది. దూడ గుర్రుపెట్టి నిద్రపోతోంది. దాని పక్కనే గవరయ్య బొరియ గుమ్మాన్ని తవ్వుతున్నాడు! లోపల పిల్లలు బిక్కచచ్చి ఉన్నారు. కోటమ్మ గట్టిగా కేకేసింది.

"ఏమండోయ్, దూడను వెతుక్కుంటూ దున్నల మంద ఇటే వస్తోంది!"

గవరయ్య ఉలిక్కిపడ్డాడు. "పిల్లలు క్షేమమేనా అని చూడ్డానికొచ్చాను చెల్లెమ్మా," అంటూ జారుకున్నాడు.

సాయంత్రం కోటమ్మ మొగుణ్ణి నిలదీసింది. "తాను దూర కంత లేదు, మెడకో డోలన్నట్టుంది మన పని! మనల్ని ఇంటికి దూరం చెయ్యడానికే వాడు దీన్ని అంటగట్టాడు."

బుడ్డయ్య చెవులు వాలిపోయాయి. పొద్దున్నే దూడను వాగు దగ్గర మందలో కలిపొచ్చాడు. పిల్లలు ఏడుస్తుంటే కోటమ్మ ఒక కీచురాయిని తెచ్చింది.

"నాకు ఆకు ముక్క, గోడ పగులు చాలమ్మా," అంది కీచురాయి. "రోజూ పాడతాను. అడుగుల చప్పుడైతే మాత్రం నోరు పెగలదు."

"మాకు కావలసిందీ అదే," అంది కోటమ్మ.

రెండు రోజుల తర్వాత సందెవేళ పాట టక్కున ఆగింది. కోటమ్మ పిల్లల్ని వెనకదారిన బయటికి తోలింది. బుడ్డయ్య ముందుదారిలోకి రేగుకంప లాగి తానూ బయటపడ్డాడు. అంతలో గవరయ్య బొరియలో తల దూర్చనే దూర్చాడు.

"అమ్మో, నా ముక్కు!"

"పిల్లలు క్షేమమే బావా!" గట్టు మీంచి కేకేశాడు బుడ్డయ్య. గవరయ్య ముళ్లు పీక్కుంటూ, వెనక్కి చూడకుండా పరుగెత్తాడు.

మంచమున్నంత మేరకే కాళ్లు చాపాలి. ఇల్లూ ఓపికా ఉన్నంత మేరకే పెంపకం పెట్టుకోవాలి.