ఊకొట్టుతల్లికి పేరు పెట్టిన తిప్పక్క

నీలిమెట్టల సీమలో సన్నవాగు దాటి, ఎగువకు రెండు క్రోసులు నడిస్తే ఊకొట్టుకోన వస్తుంది. రెండు చందమామలు ఉదయించే ఆ సీమలో ఇంతకన్నా పెద్ద గుళ్లు చాలానే ఉన్నాయి. ఇక్కడ గోపురం లేదు, గంట లేదు, విగ్రహం అసలే లేదు. నిలువెత్తు నల్లరాతిలో జానెడు వెడల్పున ఒక చీలిక, అందులోంచి వచ్చీ రానట్టుండే గోరువెచ్చని వెలుగు, దాని ఎదుట రెండు చెక్కపీటలు. అంతే. నూటెనిమిది నామాలతో పూజ చేయించుకుందామని పూలబుట్టతో వచ్చిన భక్తులు, ఇక్కడ ఒక్క నామమైనా చదవరని తెలిసి తెల్లముఖం వేస్తుంటారు. పోనీ కోరిక చెప్పుకుందామంటే, పీట మీది పెద్దావిడ "కోరిక వద్దు నాయనా, సంగతి చెప్పు" అంటుంది. ఇదెక్కడి ఆచారమని విసుక్కునేవారు ఈ చిన్న పుస్తకం చదివి, ఆ తరువాత విసుక్కోవచ్చు.

పూర్వం ఇక్కడ కోన ఉండేది గాని దానికి పేరు లేదు. రాతి చీలికలోంచి లేతపసుపు వెలుగు పొగమంచులా లేచి నేలంతా పరచుకునేది. పచ్చికుండలు తెచ్చి అందులో పెడితే ఆవం లేకుండానే కాలేవి. అక్కడ ఆరవేసిన నూలు మగ్గం మీద తెగేది కాదు. కాన్పు కష్టమైన ఆడమనిషిని మంచంతో సహా మోసుకొచ్చి ఆ చీలిక ఎదుట దింపితే, బిడ్డ క్షేమంగా భూమ్మీద పడేది. ఇదేమి శక్తి, ఎక్కడిది అని పరదేశి ఎవరైనా అడిగితే జనం "కోనలోనిది" అని ఊరుకునేవారు.

వారికి పేర్లు తట్టక కాదు. ఆ సీమలో పేరంటే పలుపుతాడు వంటిది. ఒకసారి మెడలో పడ్డాక, పేరు ఎటు లాగితే అటే నడవాలి. అందుకని కన్నబిడ్డకైనా తల్లిదండ్రులు పేరు పెట్టరు. పురుడు పోసిన మంత్రసాని పదకొండు రోజులు బిడ్డ పక్కన కూర్చుని చూస్తుంది. పాలు తాగేటప్పుడు పిడికిలి బిగిస్తుందా, వెలుతురు వైపు తల తిప్పుతుందా, ఏడుపు మధ్యలో ఆగి ఏమి వింటుంది, ఇవన్నీ గమనించి పదకొండో నాడు చెవిలో పేరు ఊదుతుంది. తప్పు పేరు పడితే పెట్టిన మంత్రసానే మళ్లీ పదకొండు రోజులు చూసి మార్చాలి. అది కూడా ఒక్కసారే కుదురుతుంది.

ఆ కాలంలో వాగుకు ఇవతల తిప్పక్క అనే మంత్రసాని ఉండేది. మూడు వందల మందికి పురుడు పోసిన చేయి. నోరు కాస్త పెద్దదే గాని, బిడ్డ తల కనిపించిందంటే ఆ నోటి నుంచి తేనె తప్ప మరొకటి వచ్చేది కాదు. ఊరందరి బిడ్డల్నీ భూమ్మీదికి తెచ్చిన ఆమెకు సొంత కూతురు అంకాలు దగ్గర మాత్రం చేయి కలిసిరాలేదు. అంకాలుకు తొలిచూలు నొప్పులు వచ్చిన నాడు వాగు పొంగి కోనకు దారి లేకపోయింది. రెండోసారి మంచం సగం దారిలో ఉండగానే బిడ్డ పుట్టింది. ఇద్దరూ ఏడవలేదు. పుట్టిన బిడ్డ ఏడవకపోతే ఆ ఇంట్లో ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో తిప్పక్కకు రెండుసార్లు తెలిసింది. ఇప్పుడు అంకాలుకు మళ్లీ నెలలు నిండాయి.

ఆ రోజుల్లోనే కంచుమెట్ట దొర గండభూపాలుడు మేళతాళాలతో కోనకు వచ్చాడు. ఆయన కట్టిస్తున్న కోట మూడుసార్లు లేచి మూడుసార్లు కూలింది. కోనలోనిదానికి "కోటబలం" అని పేరు పెట్టించి తన ఊరికి తోలుకుపోదామని ఆయన ఆలోచన. తిప్పక్కను పిలిపించి సంగతి చెప్పాడు.

"పదకొండు రోజులు చూడనిదే నేను పేరు పెట్టను దొరా," అంది తిప్పక్క. "నిదానమే ప్రధానమని మా అమ్మ నేర్పింది."

"ఆలస్యం అమృతం విషమని మా నాయన నేర్పాడు. ముహూర్తం ఈ పూటే."

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టుంది తమ వరస. ఇంకా గోడే నిలవలేదు, దాని బలానికి అప్పుడే పేరా?"

దొర పక్కన ఉన్నవారు నవ్వు ఆపుకోలేక చెట్ల వైపు తిరిగారు. దొర మాత్రం కోపగించుకోలేదు. కోట కట్టడం రాకపోయినా, మనిషిని ఎక్కడ పట్టుకోవాలో ఆయనకు తెలుసు. "తిప్పక్కా, నీ కూతురు నిండుచూలాలట గదా," అన్నాడు మెల్లగా. "పేరంటూ ఉంటే, పిలిచిన చోటికి అదే వస్తుంది. నీ కూతుర్ని మంచం మీద మోసుకురావలసిన పని ఉండదు. వాగు పొంగినా భయం లేదు. ఆలోచించుకో."

తిప్పక్క ఆలోచించలేదు. ఆ మాట విన్న క్షణంలో ఆమెకు కోన కనిపించలేదు, దొర కనిపించలేదు, ఏడవని ఇద్దరు పసివాళ్లు కనిపించారు. లేచి వెళ్లి చీలికకు నోరు ఆనించి "కోటబలం" అని ఊదింది. కోనంతా పరచుకున్న వెలుగు ఒక్కసారిగా ముడుచుకుని, పేనిన తాడులా బిగుసుకుని, కంచుమెట్ట వైపు సాగిపోయింది. చీలికలో నూలుపోగంత వెలుగు మిగిలింది.

మూడు రోజుల్లో కోట లేచింది. గోడలు ఏనుగు గుద్దినా కదలవు. తలుపులు కూడా కదలలేదు, అదే చిక్కు. బయటివాళ్లు ఎవరూ లోపలికి రాలేని కోట కావాలని దొర ముచ్చటపడ్డాడు. లోపలివాళ్లు బయటికి రాలేని కోట కూడా అదేనని ఆయనకు తట్టలేదు. దొరవారికి పూటపూటా జొన్నరొట్టెలు బుట్టలో పెట్టి తాడుతో గోడ మీదికి లాగవలసి వచ్చింది. ఆ కబురు విని తిప్పక్క కడుపుబ్బ నవ్వింది. ఆ తాడు కొస తన ఇంటిదాకా ఉందని ఆమె అప్పటికి ఎరగదు. ఈలోగా కుమ్మరుల పచ్చికుండలు కోనలో పచ్చిగానే పగిలాయి, సాలెల నూలు పోగుపోగునా తెగింది.

ఆరో నాటి ఉదయం అంకాలుకు నొప్పులు మొదలయ్యాయి. తిప్పక్క తడబడలేదు. వాకిట్లో నిలబడి "కోటబలమా, ఇటు రా" అని పిలిచింది. పిలవగానే వచ్చింది. గడప దాటి, మంచం చుట్టూ తిరిగి, అంకాలు నడుము చుట్టూ బిగుసుకుంది. నొప్పులు ఆగిపోయాయి. బిడ్డ లోపల కదులుతూనే ఉంది, కాని దారి మూసుకుపోయింది. తిప్పక్క పొమ్మంటే అది పోదు. కోటబలానికి కోట కట్టడం తప్ప ఏమి వస్తుంది? అంకాలు కడుపునే కోట చేసి కాపలా కూర్చుంది.

అంకాలు తల్లి ముఖం చూసి విషయం గ్రహించింది.

"అమ్మా, ఊళ్లో బిడ్డలందర్నీ పదకొండు రోజులు చూసి పేరు పెట్టావు గదా. కోనలోనిదాన్ని ఒక్క పూటైనా చూశావుటే?"

అల్లుడు బొజ్జన్న గుమ్మం దగ్గర నిలబడి, "ఇప్పుడేం చేద్దాం అత్తా?" అన్నాడు.

"మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి నాయనా. నా తప్పు వచ్చింది, పడతాను. నువ్వు అంకాలు పక్కనుంచి కదలకు. గంజి కొంచెం కొంచెంగా తాగించు," అని చెప్పి ఆమె కోనకు బయలుదేరింది. పేరు మార్చడానికి పదకొండు రోజులు కావాలి. కూతురు అన్నాళ్లు నిలుస్తుందో లేదో ఆమెకు తెలియదు.

మొదటి మూడు రోజులు ఆమె చీలిక ఎదుట కూర్చుని బతిమాలింది. తరువాతి మూడు రోజులు తిట్టింది. ఆ తిట్లు ఈ పుస్తకంలో అచ్చు వేయదగినవి కావు. రాతిలోని నూలుపోగు చలించలేదు. ఏడో నాటికి గొంతు పోయింది. గొంతు పోయాక చూడడం తప్ప చేయడానికి ఏమీ మిగలలేదు. అప్పుడు గాని తిప్పక్క తన అసలు పనిలోకి దిగలేదు.

ఎనిమిదో నాడు ఒక కుమ్మరి వచ్చి, పగిలిన కుండపెంకు చీలికలోకి చూపిస్తూ కుండలు కాల్చమని గదమాయించి వెళ్లాడు. వెలుగు కదలలేదు. తొమ్మిదో నాడు ఒక సాలె కొబ్బరికాయ కొట్టి, నూలు నిలిస్తే ఇంకో పది కొడతానని మొక్కాడు. కదలలేదు. పదో నాడు ఈరమ్మ అనే గొర్రెల కాపరి నీడ కోసం రాతికి ఆనుకుని కూర్చుంది. ఎవరితోనూ కాకుండా, తనలో తాను అన్నట్టు, ఆ ఉదయం చచ్చిపోయిన తన గొర్రె సంగతి చెప్పుకుంది. అది పిల్లగా ఉన్నప్పుడు తన కొంగు నమిలేదట, వర్షమొస్తే తన కాళ్ల మధ్య దూరేదట. ఈరమ్మ ఏమీ అడగలేదు. అయినా రాతిలోని నూలుపోగు వేలంత లావైంది. లోపలి నుంచి, కథ వినే పిల్లలు కొట్టినట్టు, చిన్నగా ఒక "ఊఁ" వినిపించింది. ఈరమ్మ కళ్లు తుడుచుకుని, మనసు తేలికపడి, గొర్రెల్ని తోలుకుని వెళ్లింది.

తిప్పక్క ఆ రోజంతా అక్కడి నుంచి లేవలేదు. ఇన్నేళ్లూ కోనకు వచ్చినవారంతా ఏమి చేసేవారో ఆమెకు ఒక్కొక్కటే జ్ఞాపకం వచ్చింది. కుమ్మరులు కుండలు దింపి తమ బతుకు చెప్పుకునేవారు. కాన్పుకొచ్చిన ఆడవాళ్లు నొప్పుల మధ్య అత్తల సంగతులు చెప్పి నవ్వేవారు. జనం వెలుగును చూశారు, కుండల్ని చూశారు, బిడ్డల్ని చూశారు. తమ మాట వింటున్నదాన్ని ఎవరూ చూడలేదు. చూపే వృత్తిగా బతికిన తాను కూడా చూడలేదు. ఆ సంగతి ఆమెను కూతురి కష్టమంతగానూ బాధపెట్టింది.

పదకొండో నాటి ఉదయం బొజ్జన్న పరుగున వచ్చాడు. "అంకాలు గంజి కూడా మింగలేకపోతోంది అత్తా. ఇవాళ ఏదో ఒకటి కాకపోతే..." అని పైమాట అనలేకపోయాడు.

తిప్పక్క చీలికకు నోరు ఆనించింది. నాలుక మీద రెండు పేర్లు ఉన్నాయి. ఒకటి "కాన్పుతల్లి". అది ఊదితే అంకాలు ఆ పూటే కంటుంది, సందేహం లేదు. కాని అప్పుడు కుండ కాలదు, నూలు నిలవదు, గొర్రె పోయిన ఈరమ్మ మాట వినడానికి ఎవరూ ఉండరు. దొర కోట కోసం కట్టిన తాడు విప్పి, తన కూతురి కోసం ఇంకో తాడు కట్టినట్టవుతుంది. రెండో పేరు తాను కళ్లారా చూసినది. దానివల్ల కూతురికి మేలు జరుగుతుందో లేదో ఆమెకు తెలియదు, చెప్పేవారూ లేరు. ఇంకోసారి మార్చే వీలూ లేదు. ఆ ఘడియలో తిప్పక్క ఏడ్చింది. మూడు వందల కాన్పుల్లో ఏనాడూ ఏడవని మనిషి వెక్కి వెక్కి ఏడ్చింది.

తరువాత కొంగుతో ముఖం తుడుచుకుని, పోయిన గొంతులో మిగిలిన గొంతుతో ఇలా చెప్పింది: "నిన్ను ఒక్క రోజైనా చూడకుండా పేరు పెట్టాను. నా బిడ్డ కోసం పెట్టాను. నాకు ముందే ఇద్దరు పోయారు. భయపడ్డాను."

రాతిలోంచి "ఊఁ" వచ్చింది.

అప్పుడామె "ఊకొట్టుతల్లి" అని ఊదింది. ఏమీ అడగలేదు. వెనక్కి తిరిగి, అల్లుడి భుజం పట్టుకుని వాగు వైపు నడిచింది.

వారు ఇల్లు చేరేసరికి అంకాలుకు నొప్పులు మళ్లీ మొదలయ్యాయి. అదే వేళకు కంచుమెట్టలో కోట తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయని, దొరవారు చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పరుగెత్తారని చెబుతారు. బిడ్డ తిప్పక్క చేతుల్లోనే పడింది, ఆడపిల్ల. ఏడవలేదు. ఆ నిశ్శబ్దం తిప్పక్కకు తెలిసినదే. ఆమె ఎవరినీ పిలవలేదు. బిడ్డను గుండెకు ఆనించుకుని సంగతి చెప్పసాగింది: "ఇదుగో తల్లీ, ఇది మీ అమ్మ. పదకొండు రోజులు నిన్ను మోస్తూ పడుకుంది. అడుగో మీ నాయన, గుమ్మం దగ్గర వణుకుతున్నాడు. నేను మీ అమ్మమ్మను. ఒక పెద్ద తప్పు చేశాను..." గడప దగ్గర గోరువెచ్చగా ఏదో వచ్చి నిలిచింది. ఎవరూ పిలవలేదు, అయినా వచ్చింది. తిప్పక్క మాట ఇంకా పూర్తి కాకముందే పిల్ల కెవ్వుమంది.

ఆ పిల్లకు పేరు పెట్టడానికి తిప్పక్క పదకొండు రోజులూ ఆగింది. ఊరంతా తొందరపెట్టినా వినలేదు. కోనలో చెప్పేవారికి ఒకటి, వినేవారికి ఒకటి, రెండు పీటలు వేసింది కూడా ఆమే. పెద్దదయ్యాక ఆ మనవరాలే రెండో పీట మీద మొదట కూర్చుంది. ఇప్పటికీ ఆ వంశంలోని ఆడపడుచులే అక్కడ కూర్చుంటున్నారు. వారికి మంత్రాలు రావు. వచ్చినవారు చెప్పేది చివరిదాకా విని, ఆగిన చోట "ఊఁ" అనడమే వారి అర్చకత్వం. కుమ్మరులు ఏటా తొలి ఆవానికి ముందు, సాలెలు మగ్గం మీద కొత్త పడుగు వేసే ముందు, నిండుచూలాండ్రు తొమ్మిదో నెలలో, తప్పక వచ్చి ఆ పీట ఎదుట కూర్చుంటారు.

ఇక్కడ కోరికలు తీరతాయా అని భక్తులు అడుగుతారు. కొందరికి తీరాయి, కొందరికి తీరలేదు, ఇందులో దాచవలసినది లేదు. అంకాలుకు మాత్రం ఆ తరువాత ఇద్దరు మగపిల్లలు పుట్టారు, ఇద్దరూ ఊరు దద్దరిల్లేలా ఏడ్చారు.

ఊకొట్టుతల్లికి ముడుపులు చెల్లించుకునే పద్ధతి ఒకటే. కోన నుంచి తిరిగి వెళ్లేటప్పుడు సన్నవాగు దాటేలోగా, ఎవరో తెలియని మనిషి మీ పక్కన కూర్చుని తన గోడు మొదలుపెడతాడు. ఇంతవరకు ఎవరికీ అది తప్పలేదు. మీకు ఎంత తొందర ఉన్నా, ఎంత చీకటి పడుతున్నా, అతను ముగించేదాకా ఊఁ కొట్టి, ఆ తరువాతే వాగులో కాలు పెట్టాలి.