ఆగ్నేయ మూల కుంపటి

మా గురువుగారు సింహాద్రప్ప గారిని ఏదైనా ప్రశ్న అడిగితే, ముందు "భోజనం చేశావా?" అంటారు. చేశామంటే ఏం కూర అని అడుగుతారు. ప్రశ్న సంగతి మరిచిపోయారు కాబోలనుకుని మనం లేచి చెప్పులు వేసుకునే సమయానికి "సరే, చూద్దాం" అంటారు. పెదవాల్తేరులో ఆయన ఇంటి అరుగు మీద సాయంత్రాలు కూర్చునే మాకు ఇది అలవాటే. కాలేజీలో నాకు తర్కశాస్త్రం చెప్పిన లెక్చరరు గారు ప్రశ్న సగంలో ఉండగానే జవాబు చెప్పేసేవారు. ఆ జవాబుల్లో ఒక్కటీ నాకిప్పుడు గుర్తులేదు. అది వేరే సంగతి.

ఈ ఎండాకాలంలో ఒకనాడు భానోజీరావు ఆయన్ని ఇలా అడిగాడు.

"గురువుగారూ, అందరూ కలిసి ఒప్పుకున్న నియమం ఒకటి ఉంది. ఎవరూ దాన్ని తప్పడం లేదు. అయినా దానివల్ల ఒక మనిషికి కీడు జరుగుతోంది. తప్పు ఎవరిదనుకోవాలి?"

"భోజనం చేశావా?" అన్నారు గురువుగారు.

భానోజీ ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తాడు. మా అపార్టుమెంటు సంఘానికి కార్యదర్శి కూడాను. మా భవనం పేరు సాగరవీక్షణ. కట్టినప్పుడు అన్ని కిటికీల్లోంచీ సముద్రం కనిపించేది. తరువాత ఎదురుగా ఇంకో భవనం లేచింది. ఇప్పుడు సముద్రం చూడాలంటే డాబా ఎక్కాలి. పేరు మార్చాలని ఒకసారి చర్చ జరిగింది గాని, గేటు మీద అక్షరాలు ఇత్తడివి, పీకితే గోడ పాడవుతుందని వదిలేశారు.

ఆ డాబా మీదే వచ్చింది తగాదా. రెండో అంతస్తులో మైలపల్లి దానయ్య ఉంటాడు. ఓడల్లో వంటవాడిగా దేశదేశాలు తిరిగి రిటైరైనవాడు. "ఓడ మొత్తానికి వండిపెట్టినోణ్ణండీ, మా ఇంటిది నన్ను పొయ్యి దగ్గరికి రానీదు" అంటాడు. అందుకని ఆదివారం సాయంత్రం ఇనప కుంపటి ఒకటి డాబా మీదికి మోసుకెళ్లి, బొగ్గులు రాజేసి, జాలీ మీద చేపలో కోడిముక్కలో కాలుస్తాడు. మనవలు దాన్ని బార్బెక్యూ అంటారు. వాళ్ల కోసం వారమంతా ఎదురు చూస్తాడు.

పై అంతస్తులో నేమాని విశ్వపతి గారు, ఆయన భార్య సుభద్రమ్మ గారు ఉంటారు. ఆయన విద్యుత్తు శాఖలో ఇంజనీరు చేసి రిటైరయ్యారు. ఆవిడకు చాలాకాలంగా ఆయాసం. పొగ తన ఇంట్లోకి వస్తోందని విశ్వపతి గారు సంఘానికి ఫిర్యాదు చేశారు. సమావేశం పెట్టారు. నేనూ వెళ్లాను.

"మీ ఇంట్లో సాంబ్రాణి వేస్తారు కదండీ, అది పొగ కాదేటి?" అన్నాడు దానయ్య.

"అది దేవుడికయ్యా."

"ఇది నా మనవలకండీ."

సగంమంది నవ్వారు, సగంమంది నవ్వలేదు. కూర్చున్న వరసలు చూస్తే ఎవరింట్లో ఏం వండుకుంటారో తెలిసిపోయేటట్టు ఉంది. గొడవ ముదురుతూండగా విశ్వపతి గారే లేచి ఒక మాట అన్నారు. ఆయనకు వాస్తు బాగా తెలుసు. ఆయన మాట మీద మా భవనంలో తలుపులు మార్చుకున్నవాళ్లు, మంచాలు తిప్పుకున్నవాళ్లు ఉన్నారు. "నిప్పు ఉండవలసిన చోట ఉంటే ఎవరికీ హాని చెయ్యదు. డాబా మీద ఆగ్నేయ మూల చూసి అక్కడ పెట్టించండి" అన్నారు.

అంతవరకు ఏ విషయంలోనూ కలవని మా సంఘం దీని దగ్గర కలిసింది. చేపలు తినేవాళ్లు, తిననివాళ్లు అందరూ చేతులెత్తారు. "అగ్నిదేవుడి మూల నాకిచ్చారు, ఇంకేటి కావాలి" అని దానయ్య కూడా సంతోషించాడు. మర్నాడు ఆ మూల పసుపు రంగుతో ఒక చదరం గీశారు. కుంపటి ఆ గీత దాటకూడదు. అదీ నియమం.

ఆ తరువాత సుభద్రమ్మ గారికి ఆదివారాలు మరీ కష్టమయ్యాయి. కిటికీ మూసుకుని వంటింట్లో గోడకానుకుని కూర్చునేవారట. విశ్వపతి గారు పొగ మాట ఎత్తలేరు. మూల చూపించింది ఆయనే. అందుకని చేప పొలుసులు తూముకు అడ్డం పడుతున్నాయన్నారు, పిల్లులు చేరుతున్నాయన్నారు. చివరికి కిందటి ఆదివారం ఆవిడకు ఊపిరాడక ఆసుపత్రికి తీసుకెళ్లి ఆక్సిజన్ పెట్టించవలసి వచ్చింది. తిరిగొచ్చాక ఆయన, డాబా మీద వంటే ఉండకూడదు, లేకపోతే ఇల్లు అమ్ముకుని పోతానన్నారు. దానయ్య "నాను గీత దాటలేదు కదండీ" అన్నాడు. అది నిజం. భానోజీ మా గురువుగారి దగ్గరికి మోసుకొచ్చిన బరువు ఇదీ.

గురువుగారు అంతా విని, "వచ్చే ఆదివారం మీ డాబా ఎక్కుతాను" అన్నారు.

ఎక్కారు. లిఫ్టు ఉందన్నా వినకుండా మెట్ల మీదే, ప్రతి అంతస్తులోనూ ఆగుతూ ఎక్కారు. తీర్పు చెబుతారేమోనని అప్పటికే జనం చేరారు. దానయ్య పసుపు చదరంలో కుంపటి రాజేసి విసురుతున్నాడు. సముద్రం వైపు నుంచి చల్లటి గాలి వస్తోంది. గురువుగారు కుంపటి వంక చూశారు, గీత వంక చూశారు. తరువాత విశ్వపతి గారితో, "అమ్మగారిని ఒకసారి పైకి రమ్మంటారా?" అన్నారు.

"ఆవిడ ఈ పొగలోకి ఎలా వస్తుందండీ?"

"రాలేకపోతే వద్దు లెండి. అడిగి చూడండి."

సుభద్రమ్మ గారు వచ్చారు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, మెట్ల గది తలుపు పట్టుకుని నిలబడ్డారు. గురువుగారు చేతులు జోడించి, "అమ్మా, మీకు ఎక్కడ ఊపిరి ఆడుతుందో అక్కడ కూర్చోండి, మేము మీ దగ్గరికి వస్తాం" అన్నారు.

ఆవిడ మెల్లగా బయలుదేరారు. పొగ ఆగ్నేయం మూల నుంచి గాలికి వాలి, డాబా మీదుగా పాకి, నీళ్ల ట్యాంకు గోడకు తగులుతోంది. అక్కడినుంచి దారి లేక, ఇళ్లకు వెలుతురు కోసం మధ్యలో వదిలిన ఖాళీలోకి దిగుతోంది. విశ్వపతి గారి పడకగది కిటికీ ఆ ఖాళీలోకే తెరుచుకుంటుంది. ఇది మేమందరం అప్పుడే చూశాం. ఆవిడ ట్యాంకు దగ్గర ఆగి దగ్గారు. ఇంకో పక్కకు వెళ్లి చూశారు. పిట్టగోడ వెంట చుట్టూ తిరిగి, చివరికి తిన్నగా దానయ్య దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. కుంపటికి అవతల, సముద్రం వైపు, అతను నిలబడే చోట పొగ లేదు.

దానయ్య కంగారుపడ్డాడు. "చేప ముట్టుకున్న చెయ్యమ్మా, ఆ స్టూలు మీరే లాక్కోండి" అన్నాడు.

ఆవిడ స్టూలు లాక్కుని, గాలికి ముఖం పెట్టి కూర్చుని, కొంగు తీసేశారు. ఊపిరి పీల్చుకున్నారు. నిప్పుకు అంత దగ్గరగా కూర్చున్న మనిషి మా అందరికంటే హాయిగా ఉన్నారు.

"వాసన బాధ లేదా అమ్మా?" అన్నాడు భానోజీ.

"ఉంది నాయనా. వాసనకైతే ముక్కు మూసుకుంటాను. ఊపిరికి ఎంతసేపని మూసుకోను?"

"మరి ఇన్నాళ్లూ మూల మార్చమని ఒక్క మాట చెప్పలేకపోయారా?"

ఆవిడ భర్త వంక చూసి, గొంతు తగ్గించి అన్నారు. "రిటైరయ్యాక అందరూ కలిసి ఆయన మాటకు చేతులెత్తడం అదే మొదలు. ఆ రోజు ఇంటికొచ్చి కాఫీ అడిగి తాగారు, అంత సంతోషం. దాన్ని ఎలా కాదంటాను?"

తగ్గించిన గొంతయినా గాలి ఇటే వస్తోంది. అందరికీ వినిపించింది.

విశ్వపతి గారు చాలాసేపు పసుపు చదరం వంక చూస్తూ నిలబడ్డారు. అప్పుడాయన్ని చూస్తే ఎవరికైనా జాలి వేస్తుంది. తరువాత, ఎవరితోనని కాకుండా, "వాయవ్యం కూడా వంటకు పనికొస్తుంది. శాస్త్రంలో రెండో పక్షంగా చెప్పారు" అన్నారు. వాయవ్యం అంటే ఎదుటి మూల. అక్కడినుంచి వెళ్లే పొగ పక్కనున్న ఖాళీ స్థలం మీదికి పోతుంది.

"మీరు ఎక్కడంటే అక్కడేనండి" అన్నాడు దానయ్య.

కుంపటికి రెండు కాడలు. ఒకటి దానయ్య గుడ్డ చుట్టి పట్టుకున్నాడు. రెండోది పట్టుకోవడానికి అతని అల్లుడు ముందుకొచ్చేలోగా విశ్వపతి గారు భుజం మీది కండువా మడతపెట్టి తానే పట్టుకున్నారు. జాలీ మీద చేపలు కాలుతూనే ఉన్నాయి. "మెల్లగా, మెల్లగా, మీ కండువా అంటుకోగలదు" అంటూ దానయ్య వెనక్కి నడుస్తున్నాడు. "నన్ను తొందరపెట్టకు" అంటున్నారు ఆయన. సుభద్రమ్మ గారు స్టూలు మీదే కూర్చుని అదంతా చూశారు.

జనం పలచబడ్డాక భానోజీ గురువుగారి పక్కకు చేరాడు. కార్యదర్శి కదా, వచ్చే సమావేశానికి అతనికేదో ఒకటి కావాలి.

"ఇప్పుడు వాయవ్యం అని నియమం రాసుకోమంటారా, గురువుగారూ?"

"రాసుకో. దానికేం."

"మరి తప్పు ఎవరిదో మీరు చెప్పలేదు. ఆ రోజు ఒక్కొక్క ఇంటికీ ఒక్కొక్క చెయ్యి లేచింది. విశ్వపతి గారి ఇంటి చెయ్యి కూడా లేచింది. సంఘంలో అడగవలసినవాళ్లందరినీ అడిగాను."

గురువుగారు సుభద్రమ్మ గారి వైపు చూశారు.

"ఇళ్లన్నిటినీ అడిగావు నాయనా" అన్నారు.